తెరమీది యంత్రము, ఇనుపయంత్రము

యంత్రభాగములను కంప్యూటరు తెరమీద రూపొందించి, వానిని కీళ్లతో కూర్చి, కదలించి చూచు విద్య మన పాలిటెక్నికులలోను ఇంజనీరింగు కళాశాలలలోను ప్రవేశించి చాలకాలమైనది. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయముల పలకలమీద ఆటోకాడ్, సాలిడ్‌వర్క్స్, కాటియా అను పేరులు కనబడుచునే యుండును. ఈ విద్య రానివానికి యంత్రనిర్మాణసంస్థల రూపకల్పనశాఖలో నేడు చోటు దొరకుట దుర్లభము. కావున మన యువకులు దీనికై ధనమును కాలమును వెచ్చించుట తప్పనువారము కాము. మా ఆక్షేపణ వేరొకటి. మీట యెక్కడ నొక్కవలెనో నేర్పుచున్నారు. నొక్కినపుడు యంత్రమునకు ఏమి జరుగునో నేర్పుట లేదు.

ఇటీవల నొక డిప్లొమా విద్యార్థి తాను తెరమీద నిర్మించిన నమూనాను మాకు చూపెను. అది కారు అద్దమును తుడుచు వైపరు యంత్రము. కదలని చట్రము 120 మిల్లీమీటర్లు, పూర్తిగా తిరుగు క్రాంకు 40, నడిమి కడ్డీ 100, ఇటునటు ఊగు చేయి 80. నాలుగు లంకెలు, నాలుగు కీళ్లు. నిమిషమునకు 60 చుట్లు తిరుగు మోటారును క్రాంకునకు తగిలింపగా చేయి ముచ్చటగా నూగెను. రంగులు, నీడలు, మెరుగులు చూచిన వస్తువు ఎదుటనే యున్నదని భ్రమ కలుగును. అయితే తెర మూల నొక చిన్న హెచ్చరిక కనబడెను: అధికనిర్బంధములు మూడు గలవు. అదేమని యడిగితిమి. అది యెప్పుడును వచ్చునదేననియు, మూసివేసి ముందుకు పొమ్మని బోధకులు చెప్పిరనియు అతడు బదులు చెప్పెను. కొన్నిదినములకు అదే యంత్రమును ఇనుపపట్టీలతో చేయగా, అది సగము చుట్టు తిరిగి బిగిసికొని నిలిచిపోయినది.

ఆ హెచ్చరికలో నున్న సంగతి యిది. కాగితముమీదవలె ఒకే తలములో కదలు లంకెకు మూడువిధముల స్వేచ్ఛ గలదు. కదలు లంకెలు మూడు గనుక మొత్తము తొమ్మిది. ఒక్కొక్క కీలు రెండింటిని హరించును. నాలుగు కీళ్లు ఎనిమిదింటిని హరింపగా మిగులునది ఒకటి. క్రాంకును త్రిప్పిన తక్కినవన్నియు కదలును. పాఠ్యపుస్తకములోని లెక్క యిదియే. కాని సాఫ్ట్‌వేరు ఆకాశములో లెక్కించును. అచట లంకెకు ఆరు స్వేచ్ఛలు, మూడింటికి పదునెనిమిది. మేకువంటి కీలు ఒక్కొక్కటి అయిదింటిని హరించును. నాలుగును కలిసి ఇరువది. మిగులునది రెండు తక్కువ! అయినను తెరమీద యంత్రము ఒకవిధముగా కదలుచునే యున్నది. ఆ ఒకటికిని ఈ రెండు తక్కువకును నడుమగల మూడును అధికనిర్బంధములు. నాలుగు మేకులును వెంట్రుకవాసియైన వంపు లేక సమాంతరముగా నున్నగాని ఈ యంత్రము కదలదని వాని యర్థము. తెరమీద మేకులు ఆజ్ఞామాత్రమున సమాంతరములగును. ఇనుములో రంధ్రము తొలుచునది డ్రిల్లు. దానిని పట్టునది మనుష్యుని చేయి.

దీనికి ప్రతిక్రియ కష్టమైనది కాదు. నడిమి కడ్డీకి ఒక చివర బంతికీలును, రెండవ చివర తిరుగుటతోబాటు కొంచెము జారుటకు వీలిచ్చు కీలును పెట్టినచో అధికమైన మూడును తొలగి లెక్క సరిగా ఒకటికి వచ్చును. నిజమైన కారులలో వైపరు కడ్డీలకు బంతికీళ్లు వాడుట యిందుకే. ఆ విద్యార్థి ప్రతిదినము ఆ కారుల ప్రక్కనే నడచిపోవుచున్నాడు.

సాఫ్ట్‌వేరు అబద్ధమాడినదని మేమనము. అడిగినదానికి అది బదులు చెప్పును. అడుగనిదానిని గూర్చి మౌనము వహించును. మోటారు నిమిషమునకు 60 చుట్లు తిరుగవలెనని నిర్ణయించిన, ఎంత బరువు అడ్డువచ్చినను తెరమీద తిరిగియే తీరును. నిజమైన మోటారు కాలిపోవును. రెండు భాగములు తాకుచున్నవని చెప్పనిచో అవి దయ్యములవలె ఒకదానిలోనుండి మరొకటి చొచ్చుకొనిపోవును. ఏ లోహమో తెలుపనిచో భాగము బరువునకు అర్థముండదు. ఘర్షణను మనము చేర్చవలెను. భాగము వంగునను మాటయే సాధారణ చలనపరీక్షలో లేదు. ప్రతి కడ్డీయు వజ్రమంత గట్టిదని దాని యూహ.

అందుచేత కాగితము ముందు, తెర తరువాత అని మేము చెప్పుచున్నాము. ఈ వైపరునే తీసికొందము. అన్నిటికన్న పొట్టిలంకె, పొడవులంకె కలిసి 160. తక్కిన రెండును కలిసి 180. మొదటిది రెండవదానిని మించలేదు గనుక, పొట్టిదైన క్రాంకు పూర్తిగా తిరుగగలదు. ఇది గ్రాషాఫ్ నియమము. క్రాంకును కడ్డీయు ఒకే వరుసకు వచ్చు రెండు స్థితులను త్రిభుజములుగా గీచి లెక్కించిన, చేయి సుమారు 60 డిగ్రీలు ఊగవలెనని తేలును. పది నిమిషముల పని. ఈ సంఖ్యను చేతబట్టుకొని తెరముందు కూర్చున్నవాడు పరీక్షకుడు. అది లేనివాడు ప్రేక్షకుడు.

ఈ విద్యకు మూలపురుషులలో నొకడైన ఐవాన్ సదర్లాండ్ 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ అను పరిశోధనయందే నిర్బంధములను గూర్చిన భావము గలదు. కాంతికలముతో గీచిన రెండు రేఖలు సమాంతరముగా నుండవలెనని ఆజ్ఞయిచ్చిన, కంప్యూటరు వానిని సవరించెడిది. 1982లో ఆటోకాడ్ వచ్చెను. పిదప ఘనరూపములను కొలతలతో నడపు సాఫ్ట్‌వేరులు వచ్చినవి. మీటలు మారినవి, పేరులు మారినవి, ఆ భావము మారలేదు. మన శిక్షణాలయములు బోధించునది మారిపోవుదానిని.

ధనవిషయము కూడ కలదు. ఆటోకాడ్ యజమానులు శాశ్వతమైన క్రొత్త అనుమతిపత్రములను విక్రయించుట 2016లో మానివేసిరి. నాటినుండి గడువు తీరినపుడెల్ల అద్దె చెల్లింపవలసినదే. విద్యార్థికి ఉచితముగా నిచ్చుట నిజమే. ఉచితముగా అలవాటైన చేయి రేపు స్వంత కర్మశాల పెట్టుకొన్నపుడు అద్దెకు లొంగవలసివచ్చును. విజయవాడ ఆటోనగరులో ఒక లేతుతో బ్రతుకు నడపుకొనువానికి ఆ అద్దె చిన్నది కాదు. ఫ్రీకాడ్ అను స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు 2002నుండి పెరుగుచు 2024 నవంబరులో 1.0 సంఖ్యను అందుకొన్నది; భాగములను కీళ్లతో కూర్చు శాఖ అందులోనే చేరినది. మెరుగులో అది కొంత వెనుకబడియుండవచ్చును. మొదటి సంవత్సరము నేర్చుకొనుటకు ఆ వెనుకబాటు అడ్డము కాదు. ఉద్యోగమిచ్చువారు కోరు సాఫ్ట్‌వేరును చివరి సంవత్సరమున నేర్చుకొనవచ్చును.

పరీక్షాధికారులకు మా సూచన యొక్కటే. తెరమీది నమూనాకు మార్కులు వేయునపుడు, దానితోబాటు చేతిలెక్కను, పట్టీతోనో చెక్కతోనో చేసిన యంత్రమును కూడ అడుగుడు. హెచ్చరిక వచ్చినచో దాని యర్థమును తెలుగులో నాలుగు వాక్యములు వ్రాయుమనుడు. తెలుగులో చెప్పలేని విద్యార్థి ఇంగ్లీషులో దానిని చదివియుండడు, మూసివేసియుండును.

మేము చూచిన విద్యార్థి పాతసామాను దుకాణములో బంతికీలు గల వైపరు కడ్డీ నొకటి కొని దాని కీలును తన యంత్రమునకు అమర్చినాడు; వేరొక మేకునకు కొంచెము జారుటకు వీలు కల్పించినాడు. ఇప్పుడది తిరుగుచున్నది. కోణమానిని పెట్టి చూడగా చేయి 58 డిగ్రీలే ఊగుచున్నదట. తక్కిన రెండు డిగ్రీలు ఏ రంధ్రమువద్ద పోయినవోయని వెర్నియరుతో వెదకుచున్నాడు.