మంచు పడని చోట కూలి మాటేమిటి?

అమెరికాలో మంచుపై జారే స్కీయింగ్ క్రీడా కేంద్రాల యాజమాన్యాలు వాతావరణ మార్పును అరికట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిదేనని చాలాకాలంగా చెప్పుచున్నవి. 2013లో 108 కేంద్రాలు ఈ మేరకు ఒక ప్రకటనపై సంతకాలు చేసినవి. కొలరాడోలోని ఆస్పెన్ కంపెనీ 2012లో ఒక బొగ్గుగని నుండి వృథాగా పోవు మీథేన్‌తో 3 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తికి పెట్టుబడి పెట్టినది.

ఇది హర్షించదగిన పరిణామమే. మార్కెట్టే సర్వం చక్కబెట్టునన్న వాదం చాలదని వ్యాపారులే అంగీకరించిరి.

కాని ఒక విషయం విస్మరించరాదు. మంచు పడని ఏడాది యజమానికి తగ్గునది లాభం. లిఫ్టులు నడుపువారికి, గదులు శుభ్రపరచువారికి పోవునది కూలి. ఈ కష్టం అమెరికాకే పరిమితం కాదు. 2025 ఫిబ్రవరిలో కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మార్చికి వాయిదా పడినవి. క్రీడలను వాయిదా వేయవచ్చును. అక్కడ స్లెడ్జి లాగి బ్రతుకు కూలీ ఆకలిని వాయిదా వేయుట ఎట్లు?

రైల్వే సోదరులకు ఇది తెలియని సంగతి కాదు. ఆవిరి ఇంజన్లు పోయి డీజిలు, విద్యుత్ ఇంజన్లు వచ్చిన కాలంలో ఫైర్‌మన్ల భవిష్యత్తే మన ముందు నిలచిన ప్రశ్న. మనం మార్పును వ్యతిరేకించలేదు. మార్పులో మనిషికి చోటు కోరితిమి.

శుద్ధ ఇంధనం కావలెను. దానితోపాటు సీజను కార్మికులకు పని లేని కాలపు భృతి, పునఃశిక్షణ, సంఘాలతో ముందస్తు సంప్రదింపు కూడ ప్రభుత్వ చర్యలో భాగం కావలెను. యజమానులు కోరిన చర్యకు ఈ మూడింటిని జతపరచి అడుగవలసినది మనమే.