బొమ్మకి 4కే, గొంతుకి చెత్తబుట్టా?

చిన్నప్పుడు మా గడ్డపోతారంలో, పక్కనుండే బీహారీ కార్మికుల గదిలో హిందీలో చూసిన బొమ్మల రామాయణం.. అదేనండీ, యూగో సాకో "ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ".. 2025 జనవరి 24న 4కేలో మళ్ళీ రిలీజైంది. తెలుగులో కూడా (మా అమ్మకి భలే నచ్చింది). బొమ్మ అద్భుతం, కాదన్ను. కానీ హిందీలో కొత్త గొంతులు పెట్టారు! రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రిష్ పురి చెప్పిన డబ్బింగండీ అది. పురి 2005లోనే పోయారు, మళ్ళీ ఎవరొచ్చి చెప్తారు?

పాత సౌండ్ బాలేదంటారేమో. మరి బొమ్మ పాతది కాదా? గీతలు పడ్డ ఫ్రేముని తుడిచారేగానీ కొత్తగా గీయించలేదుగా! కోడు మొత్తం తిరగరాసినా పాత వెర్షన్ని మేం డిలీట్ చెయ్యం బాబూ. కనీసం డిస్కులో రెండో ఆడియో ట్రాకుగానైనా ఇవ్వండి, డబ్బులిచ్చి కొనుక్కుంటాం.