లెక్కలు గవాహీ ఇవ్వాలి, ఫైసలా చెప్పకూడదు



పోయినేడాది, 2025 ఎండాకాలం మూడు నెలలు, నేనూ మా బేగమూ న్యూజెర్సీలో బేటీ దగ్గర ఉన్నాం. అక్కడ సాయంత్రం చాయ్ నుంచి మగ్రిబ్ దాకా, మగ్రిబ్ నుంచి ఇషా దాకా టీవీలో నడిచేది ఒక్కటే, బేస్‌బాల్. మా అల్లుడికి ఆ పిచ్చి పట్టింది. అతని ఆఫీసు దోస్త్ ఒకాయన, అరవై దాటిన అమెరికన్, న్యూయార్క్ మెట్స్ టీమ్‌కి పాత ఆషిక్, వారానికోసారి వచ్చి కూర్చునేవాడు. ఇక ఇద్దరికీ బహస్ మొదలు. బేస్‌ల మధ్య పరిగెత్తే హునర్‌ని లెక్కలు సరిగ్గా కొలుస్తాయా, కొలవవా?

ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెడ్జర్లు రాసినవాణ్ణి. లెక్క అంటే నాకు ఇజ్జత్ ఉంది. అందుకే మొదట్లో మనసులో అల్లుడి పక్షమే తీసుకున్నాను. మూడు నెలలయ్యేసరికి నా రాయ్ కొంచెం మారింది. ఎందుకు మారిందో చెప్పుకుందామనే ఈ ముచ్చట.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. మైదానంలో నాలుగు బేస్‌లు, ఒక్కోదానికి మధ్య 90 అడుగుల దూరం. బ్యాటర్ కొట్టి మొదటి బేస్ చేరతాడు, తర్వాత రెండు, మూడు, చివరికి ఇంటికి. ఇంటికి చేరితేనే ఒక రన్. మన క్రికెట్‌లో సింగిల్‌ని డబుల్ చేయడం ఎలాంటి హునరో, ఒక బేస్ ఆగాల్సిన చోట రెండు బేస్‌లు తీయడం అలాంటి హునర్. ఇంకోటుంది. పిచ్చర్ బంతి విసరబోతుండగా, ఎవరూ బంతి కొట్టకుండానే, రన్నర్ తర్వాతి బేస్‌కి ఉరకడం. దాన్ని స్టీల్ అంటారు. అంటే చోరీ. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మా బేగం "ఏందయ్యా, ఈ చోరీ హలాలేనా?" అని అడిగింది. రూల్ ప్రకారం హలాలే. దొరికితే మాత్రం ఔట్.

నూరేళ్ళకు పైగా జనం ఈ హునర్‌ని ఒకే అంకెతో కొలిచారు. ఎన్ని చోరీలు చేశాడు? ఆ హిసాబ్‌లో బాద్షా రికీ హెండర్సన్. కెరీర్ మొత్తం 1406 స్టీల్స్. రెండో స్థానంలో ఉన్న లూ బ్రాక్‌వి 938. 1982లో హెండర్సన్ ఒక్క సీజన్‌లోనే 130 చేశాడు. ఇప్పటి తరం ఆటలో ఆ రికార్డు దరిదాపులకు ఎవరూ రాలేదు.

అల్లుడు ఇక్కడే కాగితం తీస్తాడు. "మామా, అదే సంవత్సరం ఎన్నిసార్లు దొరికిపోయాడో చూడండి. 42 సార్లు." లెక్కల పండితుల అందాజ్ ఏమిటంటే, ఒక చోరీ టీమ్‌కి సుమారు 0.2 రన్ తెస్తుంది, దొరికిపోతే సుమారు 0.4 రన్ పోతుంది. ఎందుకంటే దొరికినప్పుడు ఉన్న బేసూ పోతుంది, చేతిలో ఉన్న మూడు ఔట్లలో ఒకటీ పోతుంది. 130ని 0.2తో గుణిస్తే 26. 42ని 0.4తో గుణిస్తే దాదాపు 17. మిగిలింది తొమ్మిది రన్‌లు. పది రన్‌లకు ఒక గెలుపు అని లెక్క. దునియా మొత్తం చెప్పుకునే ఆ చోరీల సీజన్, చోరీల వరకు చూస్తే, టీమ్‌కి ఇచ్చింది ఇంచుమించు ఒక్క గెలుపు.

నేను హైరాన్ అయిపోయాను. అదే టిమ్ రేన్స్‌ని చూడండి. అతనివి 808 చోరీలు, దొరికింది 146 సార్లే. వంద ప్రయత్నాల్లో దాదాపు 85 కామ్యాబ్. పాత లెక్కలో అతను హెండర్సన్ నీడలో నిలబడ్డాడు. కొత్త లెక్క వచ్చాకే అతనికి రావాల్సిన ఇజ్జత్ వచ్చింది. పాత అంకె జమా మాత్రమే చూపించింది, ఖర్చు చూపించలేదు. జమా పేజీ ఒక్కటే చూసి ఖాతా బాగుందనే మేనేజర్‌ని ఏ బ్యాంకూ ఉంచుకోదు. ఇక్కడ అల్లుడి మాట నూటికి నూరుపాళ్ళూ సహీ.

కానీ చోరీ ఈ హునర్‌లో ఒక భాగం మాత్రమే. ఇది దోస్త్ సాబ్ వాదన, ఇదీ సహీయే. 1946 వరల్డ్ సిరీస్ చివరి ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 3-3. సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు ఈనోస్ స్లాటర్ మొదటి బేస్ మీద ఉన్నాడు. హ్యారీ వాకర్ బంతిని ఎడమ మధ్య మైదానంలోకి కొట్టాడు. మామూలుగా అయితే మూడో బేస్ దగ్గర ఆగాలి. స్లాటర్ ఆగలేదు, నేరుగా ఇంటికొచ్చేశాడు. ఆ ఒక్క రన్‌తో కార్డినల్స్ 4-3తో గెలిచి ఛాంపియన్లయ్యారు. ఎనభై ఏళ్ళుగా అమెరికావాళ్ళు చెప్పుకుంటున్న పరుగు అది. స్కోరు పుస్తకంలో వాకర్ ఖాతాలో డబుల్ పడింది, స్లాటర్ ఖాతాలో ఒక రన్. అతను తెగించి తీసిన ఆ అదనపు బేస్‌కి గడే లేదు.

అజీబ్ సంగతేమిటంటే, ఒకప్పుడు గడి ఉండేది. 1886లో స్టీల్స్ లెక్కపెట్టడం మొదలైనప్పుడు, తోటివాడు కొట్టిన దెబ్బకు ఒక బేస్ ఎక్కువ తీసినా దాన్ని చోరీ కిందే రాసేవాళ్ళు. 1898లో రూల్ మారింది. నిజమైన చోరీ మాత్రమే మిగిలింది, అదనపు బేస్ పుస్తకం నుంచి జారిపోయింది. రన్నర్ల కాళ్ళు మారలేదు. మారింది రాసేవాడి కలం.

"ఆ రోజులు పోయాయి మామా" అంటాడు అల్లుడు. నిజమే. ఇప్పుడు ప్రతి దెబ్బకూ లెక్క ఉంది. బంతి ఎక్కడ పడింది, రన్నర్ ఎన్ని బేస్‌లు తీశాడు, అదే పరిస్థితిలో సగటు రన్నర్ ఎన్ని తీస్తాడు, ఆ తేడా ఎన్ని రన్‌లు. అన్నీ కలిపి ఒక అంకె ఇస్తారు. 2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిట్లో స్టాట్‌కాస్ట్ అనే యంత్రాంగం ఉంది. అది ప్రతి ఆటగాడి ఉరుకుని సెకనుకు ఇన్ని అడుగులు అని కొలుస్తుంది. సగటు 27 అడుగులు. 30 దాటితే మెరుపే.

మరి ఇన్ని ఉన్నాక బహస్ దేనికి? నాకు అర్థమైనంతలో మూడు సందులు మిగిలాయి.

మొదటిది, ఫైసలా ఎవరిది అన్నది. మూడో బేస్ దగ్గర ఒక కోచ్ నిలబడి చేయి ఊపుతుంటాడు. పో అంటే పోవాలి, ఆగమంటే ఆగాలి. ఆయన తప్పుగా ఊపి రన్నర్ ఔటైతే, మచ్చ పడేది రన్నర్ ఖాతాలో. మనకి ఇది బాగా తెలుసు. క్రికెట్‌లో అవతలివాడు తప్పుడు పిలుపు పిలిచి మధ్యలో నిలబెట్టేస్తాడు, రనౌట్ మాత్రం ఇవతలివాడి పేరు మీద పడుతుంది. స్కోరుకార్డు అబద్ధం చెప్పలేదు. పూరా నిజమూ చెప్పలేదు.

రెండోది, అంకె చాలా చిన్నది. సీజన్‌లో 162 ఆటలున్నా, ఒక ఆటగాడికి అదనపు బేస్ తీయాలా వద్దా అనే అసలైన ఇమ్తిహాన్ వచ్చేది కొన్ని పదుల సార్లే. రెండు మూడు సార్లు ఫీల్డర్ చేయి జారినా, బంతి గోడకు తగిలి వంకరగా పోయినా ఆ ఏడాది అంకె మారిపోతుంది. అందులో హునర్ ఎంతో కిస్మత్ ఎంతో ఒక్క ఏడాదితో తేల్చలేం. పైగా మైదానమే మారుతుంది. 2023లో బేస్ వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు. రన్నర్‌ని ఆపడానికి పిచ్చర్ ఎన్నిసార్లు ఆగొచ్చో దానికి హద్దు పెట్టారు. లీగ్ మొత్తం చోరీలు 2022లో 2486 ఉంటే, 2023లో 3503 అయ్యాయి. ఒక్క చలికాలంలో వెయ్యిమంది దొంగలు పుట్టుకొచ్చారా? లేదు. ఇంటి తలుపు కాస్త తెరిచారంతే.

మూడోది ఖౌఫ్. 2004లో బోస్టన్ రెడ్ సాక్స్, న్యూయార్క్ యాంకీస్ చేతిలో 3-0తో వెనకబడి, నాలుగో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక రన్ తక్కువలో ఉన్నారు. డేవ్ రాబర్ట్స్‌ని కేవలం పరిగెత్తడం కోసమే దింపారు. అతను ఉరుకుతాడని మైదానంలో ప్రతివాడికీ తెలుసు. పిచ్చర్ మారియానో రివేరా వరసగా మూడుసార్లు మొదటి బేస్‌కే బంతి విసిరాడు. అయినా రాబర్ట్స్ ఉరికాడు, వెంట్రుకవాసిలో రెండో బేస్ చేరాడు. బిల్ ముల్లర్ దెబ్బకు ఇంటికొచ్చాడు. ఆ ఆట గెలిచారు, ఆ తర్వాత మూడూ గెలిచారు, 1918 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు. ఆ చోరీ విలువ, సీజన్ లెక్క ప్రకారం, 0.2 రన్.

దోస్త్ సాబ్ ఈ కిస్సా చెప్పి విజయగర్వంతో చాయ్ తాగాడు. అల్లుడు తగ్గలేదు. "గెలుపు అవకాశం ఎంత పెరిగిందో చెప్పే లెక్క వేరే ఉంది, అందులో ఆ చోరీ చాలా పెద్దదే. ఇక ఖౌఫ్ అంటారా, రన్నర్ కదులుతుంటే పిచ్చర్ ఒక్కడే తడబడతాడా? బ్యాట్ పట్టుకున్న మనవాడి నజర్ చెదరదా?" ఈ సవాల్‌కి దోస్త్ సాబ్ దగ్గర జవాబ్ లేదు. నా దగ్గరా లేదు.

కళ్ళ మీదే భరోసా పెట్టుకునేవాళ్ళు ఇంకో జవాబ్ కూడా చెప్పాలి. జాష్ నేలర్ అనే ఆటగాడున్నాడు. భారీ మనిషి, లీగ్‌లో అతి నెమ్మదిగా ఉరికేవాళ్ళలో ఒకడు. చూసినవాళ్ళెవరైనా ఇతనేం పరిగెత్తుతాడు అంటారు. 2025లో అతను 30 చోరీలు చేశాడు, దొరికింది రెండేసార్లు. మెట్స్ టీమ్ హువాన్ సోటోకి కూడా పెద్ద వేగం లేదు. అంతకుముందు ఏ సీజన్‌లోనూ 12 దాటలేదు. 2025లో 38. పిచ్చర్ భుజం ఎప్పుడు తిరుగుతుంది, మడమ ఎప్పుడు లేస్తుంది, ఏ బంతికి నెమ్మదిస్తాడు అని సబర్‌తో చదివి ఉరకడమే ఇలాంటివాళ్ళ తరీఖా. ఇక్కడ కళ్ళు మోసపోయాయి, చోరీల లెక్క నిజం చెప్పింది. స్టాప్‌వాచ్ కూడా మోసపోయింది. అదీ లెక్కే కదా! అంటే లెక్కలన్నీ ఒకటి కావు. కాళ్ళ వేగం కొలిచే లెక్క వేరు, పరుగు ఫలితం కొలిచే లెక్క వేరు. ఒకదాన్ని చూసి రెండోది తెలిసిందనుకోవడమే అసలు తప్పు.

ఆ తప్పు మా ఇంట్లోకే వచ్చింది. మా నవాసాకి పన్నెండేళ్ళు. ఊళ్ళో పిల్లల టీమ్‌లో ఆడతాడు. కొంచెం బొద్దుగా ఉంటాడు, వాళ్ళ నానా పోలిక. జూన్‌లో ఒకరోజు కోచ్ పిల్లలందర్నీ ఉరికించి స్టాప్‌వాచ్‌తో టైమ్ రాసుకున్నాడట. కాగితంలో వీడి పేరు అట్టడుగున. ఇక నీకు చోరీ సైగ ఉండదు, బేస్ మీదే నిలబడు అని చెప్పాడట. పిల్లాడు ఇంటికొచ్చి ఖామోష్‌గా తన గదిలోకి పోయాడు. ఆ రాత్రి బిర్యానీ కూడా ముట్టలేదు. "నానా, నేను స్లో" అన్నాడు నాతో, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు.

రెండు వారాల తర్వాత ఆట చూడ్డానికి పోయాను. వీడు మొదటి బేస్ మీద ఉన్నాడు. పిచ్చర్ విసిరిన బంతి నేలకు తగిలి, క్యాచర్ గ్లవ్ పక్కనుంచి కొంచెం దొర్లింది. రెండు మూడు గజాలే. బంతి వంగుతున్నప్పుడే వీడు కదిలాడు. క్యాచర్ వెతుక్కుని తీసేసరికి రెండో బేస్ మీద నిలబడి ప్యాంటు దులుపుకుంటున్నాడు. వాడికంటే వేగంగా ఉరికే పిల్లలు ఆ టీమ్‌లో ఎనిమిదిమంది ఉండొచ్చు. అది దొర్లబోతోందని ముందే పసిగట్టింది వీడే. స్కోరు పుస్తకం రూల్ ప్రకారం అది చోరీ కింద రాదు, పిచ్చర్ తప్పుగానో క్యాచర్ తప్పుగానో రాస్తారు. వీడి పేరు పక్కన ఏమీ పడలేదు.

ఆ రాత్రి అల్లుణ్ణి అడిగాను, దీనికేం అంకె వేస్తావని. అతను కాసేపు ఆలోచించి "వేయొచ్చు మామా. కానీ ఎవరో ఒకరు చూసి రాసుకోవాలి" అన్నాడు.

నా ఫైసలా అదే దోస్తులారా. లెక్క మంచి గవాహ్. కోర్టులో గవాహ్ తను చూసింది చెప్పాలి, ఖాజీ కుర్చీలో కూర్చోకూడదు. హెండర్సన్ ఖర్చులు చూపించింది లెక్కే, రేన్స్‌కి ఇన్సాఫ్ చేసింది లెక్కే, నేలర్ హునర్ బయటపెట్టింది లెక్కే. వద్దనడం నాదానీ. ఏళ్ళతరబడి, వందల ఆటలు, యంత్రాలతో చూసిన పెద్ద ఆటగాళ్ళ లెక్కకే ఇన్ని సందులున్నాయి. మరి ఒక మధ్యాహ్నం స్టాప్‌వాచ్‌తో పన్నెండేళ్ళ పిల్లాడి హునర్ తేల్చేయడానికి ఏ హక్కుంది? ఆ కోచ్ చెడ్డవాడు కాదు. చేతిలో ఒక్క కాగితమే ఉంటే ఎవరైనా దాన్నే నమ్ముతారు.

తిరిగొచ్చే ముందు నవాసాని కూర్చోబెట్టి సోటో, నేలర్ అంకెలు చూపించాను. వేగం ఒక గడిలో, చోరీలు పక్క గడిలో. వాడు చాలాసేపు చూసి "వీళ్ళు కూడా స్లోనే కదా నానా" అన్నాడు. ఈసారి ఆ మాట జబ్బు పేరులా వినపడలేదు. మొన్న ఫోన్ చేస్తే, ఈ ఏడాది టీమ్‌లో పిచ్చర్ల మడమలు చూసి కాపీలో రాసుకుంటున్నానన్నాడు. కోచ్ సైగ ఇస్తాడో లేదో తెలీదు. దువా చేయండి.

ఖుదా హాఫిజ్.