మాత్రలు మానెయ్ అని చెప్పేవాళ్లకు

ఈసారి కోపంగానే రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మన రూముల్లో ఎవరైనా నిద్రపట్టక, తిండి సయించక, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మనోళ్లు ఇచ్చే సలహా ఒకటే: "ఇంటి మీద బెంగరా, ఒక పెగ్గేస్తే పోద్ది." వాడు ధైర్యం చేసి డాక్టర్ దగ్గరికెళ్లి మాత్రలు తెచ్చుకుంటే, "అవి పిచ్చోళ్ల మాత్రలు, మానెయ్" అంటారు. పెగ్గుకి అడ్డు చెప్పరు, మాత్రకి చెప్తారు! నాదీ పదో తరగతి చదువే. కానీ డాక్టర్ రాసింది ఆపమని ఎవరికీ చెప్పను.

మా సైట్‌లో ఒక తమ్ముడు ఈ మాటలు విని పది రోజులకే ఆపేశాడు. మళ్లీ మొదటికొచ్చింది. డిప్రెషన్ మాత్ర గుణం కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం లాంటివి ముందొస్తాయి, గుణం తర్వాతొస్తుంది. స్లాబ్ పోసిన మూడో రోజే సెంట్రింగ్ ఊడదీసి కింద నిలబడతారా మీరు? గుణం కనపడ్డాక కూడా సొంతంగా ఆపొద్దు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

ఇంకో రకం వాళ్లున్నారు. "మాత్ర మింగుతున్నా కదా, కౌన్సెలింగ్ దేనికి?" అంటారు. మాత్ర నిద్రనీ ఆకలినీ దారికి తెస్తుంది. ఏజెంట్‌కి కట్టిన అప్పు, ఊళ్లో పిల్లలు, "నా బతుకింతే" అని తలలో తిరిగే మాట, వీటితో ఎలా నెగ్గుకురావాలో అది నేర్పదు. అందుకు కూర్చుని మాట్లాడాలి. అలాగని మంచం దిగలేని మనిషిని ఒట్టి మాటలతో లేపడమూ కష్టమే. అమెరికాలో ఏళ్ల తరబడి డిప్రెషన్ ఉన్న 681 మందిని మూడు గుంపులు చేసి చూశారు, 2000లో ఆ లెక్క బయటికొచ్చింది. మాత్ర ఒక్కటే ఇచ్చినా, మాటలొక్కటే అయినా 12 వారాలకి వందలో 48 మందికే గుణం కనపడింది. రెండూ కలిపితే 73 మందికి.

ఇంగ్లీషు రాదని ఆగొద్దు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి రోగుల హక్కుల కోడ్ ఉంది. అవసరమైన చోట, వీలైనంతవరకు దుభాషిని ఇవ్వాలని అందులో రాసుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు మనిషి కావాలని అడగండి. రూమ్మేట్‌ని తీసుకెళ్తే సాయంత్రానికి రూమంతా తెలుస్తది! క్లినిక్‌లో పేరు నమోదై ఉంటే, అక్కడ ఉచితంగా మాట్లాడే మనిషి ఉన్నారేమో కూడా అడగండి, చాలా క్లినిక్‌లలో ఉన్నారు. ప్రాణాపాయం లాంటిది ఉంటే తప్ప, మీరు ఒప్పుకోకుండా మీ బాస్‌కి డాక్టర్ చెప్పకూడదు. మీరు మాత్రం డాక్టర్‌కి స్కాఫోల్డింగ్ ఎక్కే పని అని తప్పకుండా చెప్పండి, కొన్ని మాత్రలకి మత్తొస్తుంది.

1737కి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా డబ్బులు పడవు. రాత్రీ పగలూ కౌన్సెలర్ ఉంటారు. ప్రాణం మీదికొస్తే 111.