నీరు దిగని నేల

ఈ వారం మట్టిని గురించి రాస్తున్నాను. పేజీ తిప్పేయకండి. మట్టిలో కథేముంటుందని మీరనవచ్చు. తాటిచెట్టంత పొడవు పెరిగిన చెట్టుకు మూరెడు లోతు వేళ్ళు మాత్రమే దక్కనిచ్చే నేల ఒకటుంది. గాలివాన వచ్చిన రాత్రి దాని సంగతి ఏ సీరియల్ నవలకూ తీసిపోదు.

పలకమీద అక్షరాలు దిద్దినవారికి మార్కాపురం పలక గుర్తుండే ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే నల్లగా మెరిసే ఆ పలక పుట్టింది బురదలోనే. కోట్ల సంవత్సరాల కిందట, కదలని నీటి అడుగున సన్నని బురద పొరమీద పొరగా పేరుకుంది. పైబరువుకు గట్టిపడి, షేల్ అనే పొరలరాయి అయింది. అదే రాయి భూగర్భంలో ఇంకా ఒత్తిడికీ వేడికీ లోనైతే బడిపిల్లల పలకరాయి అవుతుంది. ఆ యోగం పట్టని షేల్ మాత్రం వానకూ చలికీ పొరలూడి, నలిగి, మళ్ళీ బంకమట్టి అయిపోతుంది.

బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకన్న సన్నం. ఇసుకరేణువుల నడుమ సందులు పెద్దవి. పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది. బంకమట్టిలో సందులు లేవని కాదు, నిజానికి ఇసుకలోకంటే ఎక్కువే. కాని మరీ సన్నవి కావడంవల్ల నీటిని పట్టుకుంటాయే గాని కిందికి పోనివ్వవు. పిసినారి చేతిలో డబ్బులాగ!

ఇలాంటి నేలమీద అడవి పెంచబోయి మనుషులు పడిన పాట్లు చూడాలంటే ఇంగ్లండుకు, స్కాట్లండు సరిహద్దున ఉన్న కీల్డర్ అడవికి పోవాలి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటనుకు కలప కరువొచ్చింది. దాంతో 1919లో ఫారెస్ట్రీ కమిషన్ అనే ప్రభుత్వశాఖను స్థాపించారు. ఆ శాఖ 1926లో, గొర్రెలు మేసే కీల్డర్ బీళ్ళలో మొక్కలు నాటడం మొదలుపెట్టింది. ఇప్పుడది సుమారు 600 చదరపు కిలోమీటర్ల అడవి. అందులో చాలా భాగం సిట్కా స్ప్రూస్ అనే సూదాకుల చెట్టే. అలాస్కాలోని సిట్కా పేరు పెట్టుకున్న పరదేశి.

అక్కడి రాళ్ళు ఇసుకరాయీ, షేలూ. మంచుయుగంలో కొండలంత మంచు వాటిమీదుగా జరుగుతూ, రుబ్బురోలులో వేసినట్టు నూరి, ఆ ముద్దను అక్కడే పరచిపోయింది. గొయ్యి తవ్వితే పైన కుళ్ళీకుళ్ళని ఆకుతో, నాచుతో నల్లని పొర కనబడుతుంది. దాని కింద బూడిదరంగు బంకమట్టి. అందులో అక్కడక్కడ తుప్పురంగు మచ్చలు.

నన్నడిగితే ఈ నేల చరిత్రంతా ఆ రెండు రంగుల్లోనే ఉంది. మట్టిని ఎర్రగానో గోధుమరంగులోనో ఉంచేది ఇనుము, అదీ గాలి తగిలినంతసేపే. సందులన్నీ నీటితో నిండితే గాలి ఆడదు. గాలిలోకన్న నీటిలో ప్రాణవాయువు వ్యాపించడం దాదాపు 10,000 రెట్లు నెమ్మది. ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువునూ సూక్ష్మజీవులు వాడేసి, ఆపైన ఇనుములోనిది లాక్కుంటాయి. అప్పుడు ఇనుము ఎరుపు వదలి నీటిలో కరుగుతుంది, మట్టి బూడిదబారుతుంది. ఎక్కడైనా ఒక వేరు చచ్చి, దాని దారి గుల్లగా మిగిలితే అందులోంచి కాస్త గాలి దిగుతుంది. అక్కడ ఇనుము మళ్ళీ తుప్పు పడుతుంది. అంటే ఆ మచ్చల్లో కొన్ని, ఒకనాడు వేళ్ళు నడిచిన దారులన్నమాట. ఇటువంటి నేలకు రష్యన్ శాస్త్రజ్ఞుడు వైసోత్‌స్కీ 1905లో ‘గ్లెయ్’ అని పేరుపెట్టాడు. ఆ మాట ఆయన పుట్టించింది కాదు, పల్లెజనం నోట ఉన్నదే. పల్లెజనం నోట మాట శాస్త్రంలోకి ఎక్కిందంటే నాకు మహా సంతోషం.

మన రేగడి అయినా వేసవిలో ఎండి నెర్రెలిచ్చి లోపలికి గాలి పీలుస్తుంది. కీల్డర్లో ఏడాది పొడుగునా వానే. వేసవిలో నీరు కాస్త తగ్గితే సిట్కా వేళ్ళు ఆశగా కిందికి దిగుతాయి. శీతకాలంలో నీరు పైకి రాగానే ఆ దిగినవన్నీ ఊపిరాడక చచ్చిపోతాయి. ఇక మిగిలేవి పక్కలకు పాకినవి. పళ్ళెంలో నిలబెట్టిన ధ్వజస్తంభాన్ని ఊహించుకోండి.

నేలను ఆరబెట్టాలని అధికారులు ట్రాక్టర్లకు పెద్దపెద్ద నాగళ్ళు కట్టి లోతైన చాళ్ళు తీశారు. పక్కన లేచిన మట్టిగట్లమీద మొక్కలు నాటారు. మొక్కలు ఏపుగా లేచాయి. అందరూ సంతోషించారు. కాని వేళ్ళు గట్టు పొడుగునా పరుగెత్తాయే గాని చాలు దాటి అటుపక్కకు పోలేదు. మొక్కను బ్రతికించిన చాలే, చెట్టయ్యాక దానికి ఒకవైపు పట్టు లేకుండా చేసింది. ఇది కళ్ళబడ్డాక క్రమంగా చాళ్ళు మాని, విడివిడిగా మట్టికుప్పలు వేసి వాటిమీద నాటడం మొదలుపెట్టారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చెట్లు బ్రతికున్నంతకాలం నీటిని పీల్చి, కొమ్మలమీద పడిన వానలో కొంత ఆకాశానికే తిప్పి పంపి నేలను కొంచెం ఆర్చుతాయి. వాటిని నరికిన మరుక్షణంనుంచి నీరు పైకి వస్తుంది. అంటే రెండోసారి నాటే మొక్కకు మొదటిదానికన్న తడినేల దొరకవచ్చు.

అందుకే అక్కడ చెట్టును ఎప్పుడు కొట్టాలో వయసును బట్టి కాక కూలే ప్రమాదాన్ని బట్టి తేల్చవలసి వచ్చింది. గాలి, ఎత్తు, చాటు, నేల, ఈ నాలుగూ చూసి 1 నుంచి 6 దాకా తరగతులు కట్టారు. పై తరగతుల్లో చెట్లను పలచన చెయ్యడానికే జంకుతారు, ఒకదాన్ని తీస్తే పక్కది ఒరుగుతుందని. 2021 నవంబరు 26 రాత్రి ఆర్వెన్ తుఫాను ఉత్తరదిక్కునుంచి వీచింది. మామూలుగా అక్కడి గాలి పడమటిది. తెల్లవారి చూస్తే, కొన్నిచోట్ల చెట్లు వేళ్ళచాపతో సహా లేచి, వరసలు వరసలుగా పడి ఉన్నాయి.

అలాగని ఈ నేలను శపించనవసరం లేదు. మన రైతు వరికోసం పనిగట్టుకుని ఇలాంటి నేలనే తయారుచేస్తాడు. దమ్ము చేయడమంటే ఏమిటి? మట్టి సందులు మూసి నీరు దిగకుండా చేయడమే కదా! వరికాడలో గాలిగొట్టాలుంటాయి, ఆకునుంచి వేరుదాకా ఊపిరి అందుతుంది. వరిమొక్కను పెరికి కడిగి చూడండి, వేళ్ళమీద తరచు తుప్పురంగు పూత కనబడుతుంది. వేరునుంచి బయటికి వచ్చిన ప్రాణవాయువు చేసిన పని అది. కోరింగ మడచెట్లయితే ఊపిరివేళ్ళను బురదపైకే పొడుచుకొస్తాయి. మామిడికి ఇలాంటి ఏర్పాటు లేదు.

ఇంటిదగ్గర మామిడి వేయబోయేవారికి ఒకమాట. బంకనేలలో గొయ్యి తీసి మంచి ఎర్రమట్టి నింపితే చాలనుకుంటారు. అది మొక్కకు పరుపు కాదు, తొట్టి. వాననీరంతా చుట్టుపక్కలనుంచి అందులోకే చేరి నిలుస్తుంది. ముందుగా అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, మట్టిరంగు చూడండి. నిండా నీళ్ళు పోసి, ఒకసారి ఇంకిపోయాక మళ్ళీ నింపి పడుకోండి. తెల్లవారి కాఫీ తాగాక కూడా నీళ్ళు అలాగే ఉంటే మొక్కను గోతిలో పెట్టకండి. రెండడుగుల ఎత్తు మట్టిదిబ్బ పోసి దానిమీద నాటండి. దిబ్బ కాస్త వెడల్పుగా ఉండాలి సుమా!