అంకె పెరిగింది, అద్దం తగ్గింది

చవక కాంపాక్ట్ డిజిటల్ కెమెరాకు విలువ కట్టేటప్పుడు కొనేవారి చూపు ముందుగా అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే మెగాపిక్సెళ్ల అంకె మీద పడుతుంది. ఆ కెమెరా తీయబోయే బొమ్మ గురించి అన్నిటికంటే తక్కువ చెప్పేదీ ఆ అంకే. విడదీయడానికి వీల్లేని లెన్స్‌తో వచ్చే ఈ రకం కెమెరాలు 2010లో ప్రపంచవ్యాప్తంగా 10 కోట్లకు పైగా మార్కెట్‌కు చేరగా, సెల్‌ఫోన్ దెబ్బకు 2023 నాటికి ఆ సంఖ్య 20 లక్షల లోపుకు పడిపోయిందని జపాన్ తయారీదారుల సంఘం లెక్కలు చెబుతున్నాయి. కుర్రకారు మళ్లీ పాత కెమెరాల కోసం వెతుకుతున్నందున, ఒకే సంస్థ పదేళ్ల ఎడంతో విడుదల చేసిన రెండింటిని, 2007 నాటి కానన్ పవర్‌షాట్ ఏ570 ఐఎస్‌నూ 2017 నాటి కానన్ ఇక్సస్ 185నూ, పక్కపక్కన పెట్టి చూడడం ఉపయోగకరం.

మొదటిదానిలో 7.1 మెగాపిక్సెళ్లు, రెండోదానిలో 20. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. వెలుతురును విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సర్ అనే పలక మీద అవి పరిచి ఉంటాయి. పాతదాని సెన్సర్ వైశాల్యం సుమారు 25 చదరపు మిల్లీమీటర్లు, కొత్తదానిది సుమారు 28. చిటికెనవేలి గోరంత కూడా లేని ఈ పలక మీద స్థలం ఎనిమిదో వంతు పెరిగితే చుక్కలు దాదాపు మూడింతలయ్యాయి కాబట్టి, ఒక్కో చుక్కకు దక్కే చోటు సగానికంటే తగ్గింది. చోటు తగ్గితే చుక్క పోగుచేసుకునే వెలుతురు తగ్గుతుంది, ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు, అంటే నాయిస్, పెరుగుతాయి. వాటిని చెరిపే ప్రయత్నంలో ప్రాసెసర్ జుట్టునూ ఆకులనూ చీర నేతనూ మైనం పూసినట్టు నున్నగా మార్చేస్తుంది.

అంతకన్నా సూక్ష్మమైన చిక్కు లెన్స్‌లో ఉంది. లెన్స్ రంధ్రం ఎంతవరకు తెరుచుకోగలదో చెప్పే కొలత ఎఫ్ సంఖ్య. అది చిన్నదయ్యేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు పెరుగుతుంది. జూమ్ చేయనప్పుడు ఏ570కి అది 2.6, ఇక్సస్‌కు 3.2 గనుక పాతదే ఒకటిన్నర రెట్లు వెలుతురును రానిస్తుంది. ఇక్సస్ జూమ్‌ను చివరిదాకా లాగితే ఎఫ్ సంఖ్య 6.9కి చేరుతుంది. ఇరుకు రంధ్రం గుండా వచ్చే కాంతి వంగి పరుచుకోవడాన్ని భౌతికశాస్త్రం వివర్తనం అంటుంది. దాని మూలంగా దూరాన ఉన్న నక్షత్రం కూడా సెన్సర్ మీద బిందువుగా కాక, సుమారు 9 మైక్రాన్ల వెడల్పున్న గుండ్రని మరకగా పడుతుంది. అక్కడి చుక్క వెడల్పు 1.2 మైక్రాన్లే. ఒక్క మరక ఏడెనిమిది చుక్కల వెడల్పున పరుచుకున్నప్పుడు 20 మెగాపిక్సెళ్లు ఫైలు బరువును పెంచుతాయే గాని వివరాన్ని పెంచవు.

ఏ570 పేరులోని ఐఎస్ అంటే ఇమేజ్ స్టెబిలైజర్: చేతి వణుకుకు ఎదురుగా లెన్స్‌లోని ఒక గాజు భాగం కదిలి, బొమ్మ అలికినట్టు కాకుండా ఆపే ఏర్పాటు. 2007లో చవక కెమెరాకు దక్కిన ఈ సౌకర్యం ఇక్సస్ 185లో లేదు. అది కావాలంటే అదే వరుసలోని ఇక్సస్ 190ని ఎంచుకోవాలి. లోపం ఎంతటిదో చిన్న లెక్కతో తేలుతుంది. ఇక్సస్ పూర్తి జూమ్ అయిన 224 మిల్లీమీటర్ల దగ్గర చేత్తో తీసే బొమ్మ చెదరకూడదంటే షట్టర్ సుమారు 1/200 సెకనులో మూసుకోవాలన్నది ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం. దీపాల వెలుగున్న ఇంటి గదిలో ఎఫ్ 6.9 వద్ద, సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే ఐఎస్ఓను 1600కు పెంచినా, షట్టర్ 1/20 సెకను దాకా తెరిచి ఉండక తప్పదు. హాలు చివరి నుంచి పాప అక్షరాభ్యాసం తీయదలచినవారికి ఎనిమిదింతల జూమ్ అనే మాట పెట్టె మీది అలంకారమే.

అయినా కొత్తదానికి న్యాయం చేయాలి. దాని లెన్స్ విశాల దృశ్యాన్ని పట్టే 28 మిల్లీమీటర్ల వద్ద మొదలవుతుంది గనుక ఇరుకింట్లో గోడకు ఆనుకుని నిలబడి కూడా కుటుంబమంతటినీ బొమ్మలో పట్టించవచ్చు. 35తో మొదలయ్యే ఏ570లో అంచునున్న మేనమామ భుజం తెగిపోతుంది. 126 గ్రాముల బరువు చొక్కా జేబుకు తెలియదు. రెండింటిలోనూ ఉన్నది సీసీడీ రకం సెన్సరే కాబట్టి, పాత కెమెరాల రంగుల మహిమంతా సీసీడీదేనని నమ్మేవారు ఇక్సస్‌లోనూ అదే మహిమ వెతుక్కోవచ్చు. నిజానికి రంగును తేల్చడంలో ప్రాసెసర్‌ది చాలా పెద్ద చెయ్యి.

కొనేముందు చేసే పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. పత్రిక పుటను గోడకు అతికించి, పగటి వెలుగులో జూమ్ లేకుండా ఒకసారి, పూర్తి జూమ్‌తో ఒకసారి తీసి, కంప్యూటర్ తెర మీద నాలుగు మూలల్లోని అక్షరాలు చదవగలిగితే లెన్స్ సంగతి తెలిసిపోతుంది. మూలలు మసకబారినా, అక్షరాల అంచుల్లో ఊదారంగు కనిపించినా ధర తగ్గించమని అడగవచ్చు. వాడిన ఏ570 కొనేవారు కిరాణా కొట్టులో దొరికే రెండు పెన్సిల్ సెల్స్ వెంట తీసుకెళ్లి, సెల్స్ గది మూతను పదిసార్లు తెరిచి మూయాలి. దాని సన్నని ప్లాస్టిక్ కొక్కెం విరిగి ఉంటే ఆ కెమెరాను రబ్బరు బ్యాండు చుట్టి వాడుకోవలసిందే.