కెమెరా సాక్ష్యానికి గీటురాయి

ప్రొద్దుటూరు అంగళ్ళలో బంగారు నగ కొనువారు మెరుపును మాత్రమే చూచి డబ్బు చెల్లించరు. వన్నె తెలుసుకొని, తూకం చూచుకొని, పిదప బేరమాడుదురు. ఇంతటి వివేకం గల మన ప్రాంతీయులే వాహనపు ముందు అద్దానికి అమర్చు చౌక డ్యాష్ కెమెరా కొనునపుడు పెట్టెపై ‘4కె’ అను ముద్రను చూచి తృప్తి చెందుచున్నారు. ఇచ్చట కూడ గీటురాయి అవసరమని నా అభిప్రాయం.

ముద్దనూరు పరిసరాలలో సిమెంటు లారీలు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిద లారీలు, నాపరాళ్ళ బండ్లు రేయింబవళ్ళు తిరుగుచుండును. ఢీకొన్న బండి ఆగక పోయినచో బాధితునికి మిగులు సాక్షి ఒక్కొక్కప్పుడు ఆ కెమెరాయే. చూడనిదానిని చూచితినని చెప్పు సాక్షి వలన నిర్దోషికి కీడు, దోషికి మేలు కలుగును. కెమెరా విషయంలోను ఇంతే.

లెక్క చూతము. 4కె చిత్రంలో అడ్డంగా 3840, నిలువుగా 2160, అనగా సుమారు 83 లక్షల బిందువులుండవలెను. 1080పి చిత్రంలో ఉండునవి సుమారు 21 లక్షలే. కాంతిని గ్రహించు సెన్సరు 21 లక్షల బిందువులదైనచో కెమెరా చూచునది అంతే. తక్కిన 62 లక్షలు ప్రక్క బిందువులను బట్టి లెక్కగట్టి నింపినవి. గణితంలో దీనిని అంతర్వేశనం అందురు. దీనివలన చిత్రం పెద్దదగును గాని అందలి సమాచారం పెరుగదు. కావున సెన్సరు పేరు అడిగి తెలుసుకొనవలెను. సోనీ వారి ఐఎంఎక్స్ 415లో సుమారు 83 లక్షలు, 335లో 50 లక్షలు, 307లో 21 లక్షల బిందువులు కలవు. లోపల 307 ఉంచి పైన 4కె అని ముద్రించుట అసత్యమే.

సెన్సరు నిజమైనదైనను పరీక్ష ముగియదు. కార్ల నంబరు ప్లేటుపై అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. 120 డిగ్రీల దృశ్యాన్ని 1920 బిందువులలో ఇమిడ్చినచో డిగ్రీకి 16 బిందువులు వచ్చును. పది మీటర్ల దూరాన ఆ అక్షరపు ఎత్తుకు దక్కునవి సుమారు ఆరు. నిజమైన 4కెలో పన్నెండు. దృశ్యపు వెడల్పు ఎక్కువైన కొలది అక్షరం చిక్కిపోవును. ఇక రాత్రివేళ సెకనులో 30వ వంతు కాలం కాంతిని గ్రహించునపుడు, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోవు బండి 33 సెంటీమీటర్లు జరుగును. అక్షరాలన్నియు అలుకుకొనిపోవును.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష సులభం. నిలిచియున్న బండికి పది మీటర్ల దూరాన కెమెరా నుంచి, ఒకే వెలుతురులో 1080పి యందు, 4కె యందు నిమిషం చొప్పున చిత్రించి, రెండింటిని పెద్దవి చేసి పోల్చవలెను. రెండవదానిలో ఒక్క అక్షరమైనను స్పష్టపడనిచో పెరిగినది అంకెయే గాని చూపు కాదు. పగటి పరీక్షను రాత్రియందును జరుపవలెను.

చౌక వస్తువుపై ఇంత విచారణ ఏల యని కొందరందురు. చౌకది కొనువాడు పేదవాడు; మరల కొనజాలడు. కావున వానికే విచారణ ఎక్కువ అవసరం. తక్కువ వెలకు నిజమైన 1080పి ఇచ్చుటలో అవమానమేమియు లేదు; 4కె అని పలికి అమ్ముటలోనే దోషమున్నది. తప్పుదారి పట్టించు ప్రకటనలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిషేధించుచున్నది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫిర్యాదు చేయవచ్చును.

వేయి సంవత్సరాల క్రితం బస్రాలో జన్మించిన ఇబ్న్ అల్ హైథమ్ చూపును గూర్చి పూర్వులు చెప్పినదానిని అట్లే స్వీకరింపక, చీకటి గదిలో దీపాలతో పరీక్షించి ‘కితాబుల్ మనాజిర్’ రచించెను. ఆయన పేరును సభలలో సగర్వంగా స్మరించు మనం పెట్టెపై అంకెను పరీక్షింపకుండుట తగదు. కళాశాల సంఘం వారు ఏటా ఒక దినం భౌతికశాస్త్ర ప్రయోగశాలను తెరచి, ఊరి ఆటో, లారీ డ్రైవర్ల కెమెరాలను మన విద్యార్థులచే పరీక్షింపజేయుదురు గాక. ఇందుకు కావలసినవి ఒక కొలత టేపు, ఒక నంబరు ప్లేటు మాత్రమే. విద్యార్థులారా! మీరు నేర్చిన దృశాశాస్త్రం పరీక్షా పత్రం దాటి రహదారికి చేరు మార్గమిది.